అడవికి అతిథులము

ఆఫ్రికాఖండమున ఉగాండా దేశపు నైరుతిమూలను బ్విండి యను దట్టమైన కొండయడవి కలదు. 2019లో ప్రకటించిన లెక్కను బట్టి లోకమున కొండగొరిల్లాలు 1,063 మాత్రమే. వానిలో దాదాపు సగము ఈ ప్రాంతముననే జీవించుచున్నవి. వానిని చూచుటకు దేశదేశములనుండి యాత్రికులు వత్తురు. అట్టి యాత్రను 2020 మార్చిలో కోవిడ్ మహమ్మారి కారణముగా ఆపివేసిరి. మనుష్యుల రోగమునకు అడవి నేల మూయవలెనని మీకు సందేహము కలుగవచ్చును.

గొరిల్లా శరీరము మన శరీరమునకు మిక్కిలి దగ్గరగా నుండును. అందుచేత మన జలుబు దానికిని సోకును. ఒక్కొక్కప్పుడు ప్రాణముమీదికి వచ్చును. 1996లో బ్విండిలోని కొన్ని గొరిల్లాలకు గజ్జి సోకి, ఒక పిల్ల మరణించెను. తక్కినవి చికిత్సచే కోలుకొన్నవి. అడవి యంచున చేలలోని బెదురుబొమ్మలకు తొడిగిన మాసినబట్టలనుండి ఆ రోగము వచ్చినదని పశువైద్యులు భావించిరి. వారిలో నొకరైన గ్లాడిస్ కలేమా-జికుసోకా, పల్లెలు ఆరోగ్యముగా నుండనిదే అడవికి క్షేమము లేదని గ్రహించి, 2003లో అందులకై ఒక సంస్థను స్థాపించిరి.

కావున మూసివేత యవసరమే. కాని దానివలన కష్టమును కలిగెను. ప్రవేశరుసుములో నూటికి 20 వంతులు చుట్టుపట్ల గ్రామములకు చెందును. త్రోవచూపువారు, మూటలు మోయువారు, బసలు నడుపువారు యాత్రికులపైననే ఆధారపడి బ్రతుకుచుండిరి. యాత్రికులు రాకపోగా వారి రాబడి నిలిచిపోయెను. ఆ దినములలోనే, 2020 జూనులో, పదునేడు గొరిల్లాల గుంపునకు నాయకుడైన రఫీకి ఈటెపోటుచే చచ్చిపడియుండెను. తాను చిన్నమృగముల వేటకు వచ్చితిననియు, గొరిల్లా మీదికి రాగా పొడిచితిననియు నేరస్థుడు చెప్పెను. అతనికి 11 సంవత్సరముల శిక్ష పడెను. స్వాహిలీ భాషలో రఫీకి యనగా మిత్రుడు.

2020 సెప్టెంబరులో యాత్రికులను మరల రానిచ్చిరి. పూర్వము గొరిల్లాకు 7 మీటర్ల యెడమున నిలువవలసియుండగా, ఇప్పుడు దానిని 10 మీటర్లు చేసిరి. మాస్కు ధరింపవలెను, చేతులు శుభ్రము చేసికొనవలెను, జబ్బుగా నున్నవారు పోరాదు. దర్శనమునకు వ్యవధి ఒక గంట మాత్రమే.

బాలబాలికలారా! అడవి మృగముల యిల్లు. అచట మనము అతిథులము. ఇంటివారికి కీడు కలుగునప్పుడు వెళ్లకుండుటయు, వెళ్లినప్పుడు హద్దు మీరకుండుటయు అతిథిధర్మము. ఆ యింటిని కాచుచున్న పల్లెవారి ఆకలిని మరువకుండుటయు అందులో భాగమే.