వృక్షకణము – జంతుకణము: భేదములకు మూలమేమి?

ప్రతి సంవత్సరము జీవశాస్త్ర పరీక్షలలో తప్పక కనిపించు ప్రశ్న యొకటి కలదు: "వృక్షకణమునకు, జంతుకణమునకు గల భేదములను వ్రాయుము." విద్యార్థులు కాగితము నడుమ నిలువుగీత గీచి, ఇరువైపుల ఆరేసి అంశములు వ్రాసి మార్కులు పొందుచున్నారు. కాని ఆ అంశములలో ఒకదానికి మరియొకదానితో గల సంబంధమేమని మేమడిగినచో సమాధానము అరుదుగా లభించుచున్నది. కంఠస్థము చేసిన పట్టిక పరీక్షతోనే మరపునకు వచ్చును. కారణము తెలిసిన విషయము చిరకాలము నిలుచును. కావున ఈ భేదములకు మూలమైన కారణమును ఇచట వివరింప యత్నింతుము.

ముందుగా పేరును గురించి ఒక మాట. 1665లో ఇంగ్లండు దేశీయుడగు రాబర్ట్ హుక్ తన గ్రంథములో, సీసా బిరడాలకు వాడు బెరడును పలుచగా కోసి సూక్ష్మదర్శినిలో చూడగా తేనెపట్టువలె గదులు కనిపించినవని వ్రాసి, వానికి 'సెల్' అని పేరిడెను. మన ఉర్దూ విద్యార్థులు పలుకు 'ఖలియా' అను పదము అరబ్బీ నుండి వచ్చినది. ఆ భాషలో దానికి తేనెటీగల నివాసమను అర్థము కూడ కలదు. హుక్ చూచినవి జీవము పోయిన గదుల గోడలు మాత్రమే. 1831లో రాబర్ట్ బ్రౌన్ కణము లోపలి కేంద్రకమునకు పేరిడెను. 1838లో ష్లైడెన్ వృక్షములన్నియు, 1839లో ష్వాన్ జంతువులన్నియు కణనిర్మితములేయని ప్రతిపాదించిరి.

కనుక మొదట గ్రహింపవలసినది సామ్యము. కణత్వచము, కణద్రవ్యము, కేంద్రకము, మైటోకాండ్రియా, రైబోజోములు, గాల్జీ సంక్లిష్టము – ఇవి రెండింటను కలవు. వేపాకు కణములోను, ఆ ఆకును త్రుంచు చేతి కణములోను చక్కెర నుండి శక్తిని వెలువరించునవి మైటోకాండ్రియాలే. "జంతుకణములో మైటోకాండ్రియా, వృక్షకణములో వానికి బదులు హరితరేణువులు" అని పలువురు వ్రాయుచున్నారు. ఇది పొరపాటు. ఆకు కణములో రెండును కలవు. హరితరేణువు ఆహారమును తయారుచేయును. మైటోకాండ్రియా ఆ ఆహారము నుండి శక్తిని గ్రహించును. వంట చేసినంత మాత్రమున ఆకలి తీరదు గదా! మరియు ప్రతి వృక్షకణమునందును హరితరేణువులుండవు. నేలలోని వేరులోను, ప్రయోగశాలలో మనము చూచు ఉల్లిపొరలోను అవి కనిపించవు.

ఇక భేదములకు మూలము జీవనవిధానమే. వృక్షము నిలిచినచోటనే ఎండను, నీటిని, గాలిని గ్రహించి ఆహారమును తయారుచేసికొనును. అందులకే హరితరేణువులు. అది కదలనక్కరలేదు గాని నిటారుగా నిలువవలెను. ఎముకలు లేని చెట్టును నిలుపునది ప్రతి కణము చుట్టునుగల సెల్యులోజు గోడ, అనగా కణకుడ్యము. జంతువు ఆహారమును వెదకికొనుచు కదలవలెను. గోడ యున్నచో కండరకణము ముడుచుకొనజాలదు. తెల్లరక్తకణము రూపము మార్చుకొని సూక్ష్మజీవిని మ్రింగజాలదు. కావుననే జంతుకణమునకు మెత్తని త్వచము మాత్రమే కలదు.

ఈ గోడకు తోడుగా పనిచేయునది రిక్తిక. పేరునకు 'రిక్త'మైనను అది శూన్యము కాదు. లవణములు, చక్కెరలు కరిగిన నీటితో నిండియుండును. పెరిగిన వృక్షకణములో 90 శాతము వరకు చోటు నాక్రమించి, కేంద్రకమును ఒక ప్రక్కకు నెట్టును. జంతుకణములో రిక్తికలున్నను మిక్కిలి చిన్నవి. రిక్తికలోని నీరు లోపలినుండి గోడను నెట్టుచుండుటచేతనే లేత కాడలు బిగువుగా నిలుచుచున్నవి. వాడిన కొత్తిమీరపై నీరు చల్లినచో మరల తేరుకొనుటకు, తరిగిన ఉల్లిముక్కలపై ఉప్పు చల్లినచో నీరూరుటకు కారణమిదియే. మొదటిదానిలో నీరు కణములోనికి ప్రవేశించును. రెండవదానిలో బయటికి వచ్చును.

గోడ విలువ తెలియవలెనన్న ఎర్రరక్తకణమును ఉదాహరణగా గైకొనవచ్చును. మంచినీటిలో ఉల్లికణము బిగువెక్కునే గాని పగులదు. గోడ లేని రక్తకణము ఉబ్బి పగిలిపోవును. అందుచేతనే ఆసుపత్రిలో సిరలలోనికి ఉత్త నీటిని గాక, 0.9 శాతము ఉప్పుగల సెలైనును ఎక్కించుచున్నారు. పట్టికలోని ఒక్క పంక్తిపై ఒక ప్రాణము ఆధారపడుట ఇట్టిది.

కణవిభజనలోని భేదమును ఈ గోడనుండియే వచ్చినది. జంతుకణము నడుమ నొక్కుపడి, బయటినుండి లోనికి ముడుచుకొని రెండగును. గట్టిగోడ గల వృక్షకణము అట్లు ముడుచుకొనలేదు గనుక మధ్యనొక కణఫలకము ఏర్పడి బయటివైపునకు పెరిగి క్రొత్తగోడ యగును. విభజనకాలమున జంతుకణములో కనిపించు సెంట్రియోలులు పుష్పించు మొక్కలలో లేవు. నిలువచేయు ఆహారము వృక్షములలో పిండిపదార్థము, జంతువులలో గ్లైకోజెను.

విద్యార్థులకు మా సలహా ఒక్కటే. పట్టికను చదువుటకు పూర్వము ఉల్లిపొరను అయోడినుతోను, మీ బుగ్గ లోపలిపొరను మిథిలీన్ బ్లూతోను రంగువేసి చూడుడు. మొదటిది ఇటుకలు పేర్చిన గోడవలె, రెండవది చెదరిపడిన మెత్తని రేకులవలె కనిపించును. ఆ రెండు దృశ్యములను స్వయముగా చూచినవారికి పట్టిక తానే వచ్చును. ఒక్క సూక్ష్మదర్శిని చుట్టు పెద్దగుంపు మూగినచో వెనుకనున్నవారికి మిగులునది కంఠస్థమే. ఈ సంగతిని కళాశాల కమిటీ పెద్దలు కూడ గమనింతురని ఆశింతుము. 'మర్కజా' అన్నను, 'కేంద్రకము' అన్నను కటకము క్రింద కనిపించునది ఒక్కటే. దానిని చూచు భాగ్యము మాత్రము ప్రతి విద్యార్థికిని కలుగవలెను.