మీకు తెలుసా? కొలత చెప్పని గేజ్

యంత్రభాగంలోని రంధ్రం పనికొస్తుందో లేదో తేల్చే లిమిట్ గేజ్, దాని కొలత ఎంతో మాత్రం చెప్పదు. 25 మిల్లీమీటర్ల రంధ్రానికి హెచ్7 తరగతిలో టాలరెన్స్, అంటే అనుమతించిన తేడా, 0.021 మిల్లీమీటరు, కాబట్టి రంధ్రాలకు వాడే లిమిట్ గేజ్ అయిన ప్లగ్ గేజ్‌కు ఒక కొసన ఉన్న 25.000 మిల్లీమీటర్ల ‘గో’ భాగం రంధ్రంలోకి దిగాలి, రెండో కొసన ఉన్న 25.021 మిల్లీమీటర్ల ‘నో గో’ భాగం దిగకూడదు. ఇంగ్లండులోని లెస్టర్‌కు చెందిన విలియం టేలర్ 1905లో ప్రతిపాదించిన సూత్రం ఇంకా సూక్ష్మమైనది: ‘గో’ గేజ్ రంధ్రం పూర్తి ఆకారాన్ని ఒకేసారి పరీక్షించాలి, ‘నో గో’ గేజ్ ఒక్కో కొలతను విడిగా పరీక్షించాలి. ఎందుకంటే, ఒక దిశలో హద్దు మీరి కోడిగుడ్డు ఆకారంలో సాగిన రంధ్రంలోనూ, నిండు గుండ్రని ‘నో గో’ కొస ఇరుకు దిశలో అడ్డు తగిలి ఆగిపోతుంది, లోపం బయటపడదు.