ఒక పూటలో ఆరు సినిమాలు

2023 మార్చిలో ఆస్కార్ వేదిక మీద 'నాటు నాటు' పాట పేరు పిలిచిన ఘడియ తెలుగువాళ్ళకు బాగా గుర్తు. ఆ రాత్రే మనకు దగ్గరిదే అయిన మరో సినిమాకు కూడా ఆస్కార్ వచ్చింది. నీలగిరి జిల్లా ముదుమలై అడవిలోని తెప్పకాడు ఏనుగుల శిబిరంలో తీసిన 'ది ఎలిఫెంట్ విస్పరర్స్' అది. తల్లికి దూరమైన ఏనుగు పిల్లను బొమ్మన్, బెల్లి అనే దంపతులు సాకిన వైనాన్ని కార్తికీ గొన్సాల్వెస్ సుమారు నలభై నిమిషాల్లో చూపించారు. పాట గురించి వారాల తరబడి మాట్లాడుకున్నాం. సినిమాను మాత్రం చాలామంది పేరు విని ఊరుకున్నారు. ఓటీటీలో ఉంది, తమిళనాట ఉండే మనకు తెలిసిన తమిళంలోనే ఉంది. అయినా వెదికి చూసేంత తీరిక, ఆసక్తి ఎందరికి ఉంటాయి?

చిన్న సినిమాల కష్టమంతా ఇక్కడే ఉంది. ఒంటరిగా నిలబడి జనాన్ని రప్పించుకునే బలం వాటికి ఉండదు. పోస్టరుండదు, టీజరుండదు, హీరో ఉండడు. ఎవరో ఒకరు పదింటిని ఏరి, వరుసలో పెట్టి, హాల్లో దీపాలార్పి చూపించాలి. షార్ట్ ఫిల్మ్ ఫెస్టివల్ చేసే పని అదే. ఆ ఏరడం, వరుస పెట్టడం ఎలా జరుగుతాయో తెలిస్తే చూసే తీరు కూడా మారుతుంది.

ఎంత చిన్నదైతే చిన్న సినిమా?

అందరూ ఒప్పుకున్న కొలత లేదు. ఆస్కార్ వాళ్ళ లెక్కలో టైటిల్స్‌తో కలిపి 40 నిమిషాలకు మించనిది షార్ట్ ఫిల్మ్. కాన్ ఫెస్టివల్‌లోని షార్ట్ ఫిల్మ్ పోటీకి 15 నిమిషాలే హద్దు. ఆ హద్దుల్లోపల కథ ఉండొచ్చు, డాక్యుమెంటరీ ఉండొచ్చు, యానిమేషన్ ఉండొచ్చు, ఇవేవీ కాని ప్రయోగమూ ఉండొచ్చు. అందుకే షార్ట్ ఫిల్మ్ ఫెస్టివల్‌లో ఒకే పూటలో ఒకదానికొకటి పొంతన లేని సినిమాలు కనిపిస్తాయి.

ఈ కలగాపులగం కొత్తదేమీ కాదు. సినిమా పుట్టిందే అలా. 1896 జులై 7న బొంబాయి వాట్సన్ హోటల్లో లూమియేర్ సోదరుల మనుషులు మన దేశంలో తొలిసారి సినిమా చూపించినప్పుడు ఆ ఆటలో ఉన్నవి ఆరు సినిమాలు. ఒక్కొక్కటి నిమిషం లోపే. స్టేషన్లోకి రైలు రావడం ఒకటి, ఫ్యాక్టరీ నుంచి కూలీలు బయటికి రావడం ఒకటి, సముద్రంలో స్నానం ఒకటి.

మన వైపు సినిమా చూపించే వ్యాపారాన్ని నిలబెట్టినవాడు తెలుగువాడే. మచిలీపట్నంలో పుట్టి మద్రాసులో ఫోటో స్టూడియో నడిపిన రఘుపతి వెంకయ్య 1909-10 ప్రాంతంలో క్రోనోమెగాఫోన్ అనే యంత్రాన్ని తెప్పించారు. తెర మీద బొమ్మ ఆడుతుంటే, దానికి జతగా గ్రామఫోన్ పలక మీది శబ్దం వినిపించే యంత్రమది. విక్టోరియా పబ్లిక్ హాల్లో ఆటలు వేశారు, డేరా వేసి చూపించారు, యంత్రాన్ని మూట కట్టుకుని సిలోన్, బర్మాల దాకా వెళ్ళారు. ఆ ఆటల్లో ఆయన చూపించినవి చిన్న సినిమాలే, నిడివి సుమారు 500 అడుగుల చొప్పున. 35 ఎంఎం ఫిల్ములో అడుగుకు 16 ఫ్రేములు. ఆనాటి వేగం సెకనుకు సుమారు 16 ఫ్రేములు. అంటే సెకనుకు అడుగు చొప్పున, ఒక్కో సినిమా ఎనిమిది నిమిషాల పైచిలుకు. ఏది ముందు వెయ్యాలి, ఏది ఆఖరున వెయ్యాలి అన్న లెక్క వెంకయ్యగారికీ తప్పి ఉండదు.

తర్వాత రెండున్నర గంటల కథాచిత్రం వచ్చి చిన్నదాన్ని పక్కకు నెట్టేసింది. 1948లో ఏర్పడిన ఫిల్మ్స్ డివిజన్ పుణ్యమా అని అసలు సినిమాకు ముందు వార్తాచిత్రమో డాక్యుమెంటరీయో తప్పనిసరిగా వేసేవారు. జనం దాన్ని లోపలికి వచ్చి సీటు వెదుక్కునే సమయంగానే చూశారు. వాటిలోనూ రత్నాలున్నాయి. 1967లో ఎస్.ఎన్.ఎస్. శాస్త్రి తీసిన 'ఐ యామ్ 20' చూడండి. దేశంతో పాటు 1947లో పుట్టి ఇరవయ్యేళ్ళు నిండిన పిల్లలను కూర్చోబెట్టి, దేశం గురించి ఏమనుకుంటున్నారని అడిగిన సినిమా అది. ఇప్పుడు చూసినా పాతబడలేదు.

పెద్ద సినిమా నీడలోంచి

చిన్న సినిమాకు సొంత ఇల్లు కట్టింది ఫెస్టివళ్ళే. జర్మనీలోని ఒబర్‌హౌజెన్‌లో 1954లో మొదలైన ఫెస్టివల్ ఇప్పటికీ నడుస్తోంది. 1962లో అక్కడే 26 మంది కుర్రకారు పాత సినిమా చచ్చిపోయిందని ప్రకటన చేసి కొత్త జర్మన్ సినిమాకు తెర తీశారు. ఫ్రాన్స్‌లోని క్లెర్మోంఫెరాన్‌లో 1979లో విద్యార్థులు మొదలుపెట్టిన పండుగకు ఇప్పుడు ఏటా లక్షన్నరకు పైగా ప్రేక్షకుల హాజరు నమోదవుతోంది. ఆ ఊరి జనాభా కూడా దాదాపు అంతే. మన దేశంలో డాక్యుమెంటరీలకు, షార్ట్ ఫిల్ములకు ముంబయి ఫెస్టివల్ 1990లో మొదలైంది. 2024 జూన్‌లో జరిగిన 18వ ముంబయి ఫెస్టివల్ సినిమాలను చెన్నైలో కూడా చూపించారు. కేరళలో 2008 నుంచి తిరువనంతపురంలో డాక్యుమెంటరీ, షార్ట్ ఫిల్మ్ ఫెస్టివల్ జరుగుతోంది. తమిళనాట అముదన్ ఆర్.పి. 1998లో మదురైలో మొదలుపెట్టిన ఫెస్టివల్ ప్రభుత్వ సాయంతోనో సినీ పెద్దల అండతోనో కాక, చూసేవాళ్ళ పూనికతో నిలబడింది.

ఇంతలో యూట్యూబ్ వచ్చింది. 2010 తర్వాత తెలుగులోనూ తమిళంలోనూ షార్ట్ ఫిల్ములు వెల్లువెత్తాయి. తమిళంలో 'నాళైయ ఇయక్కునర్' టీవీ పోటీ నుంచి కార్తిక్ సుబ్బరాజ్, నలన్ కుమారసామి వంటి దర్శకులు వచ్చారు. బాలాజీ మోహన్ తన షార్ట్ ఫిల్మ్‌నే పెంచి 2012లో పెద్ద సినిమా తీస్తే, అది తెలుగులో 'లవ్ ఫెయిల్యూర్' అయింది. తెలుగులో తరుణ్ భాస్కర్ 'సైన్మా' వంటి షార్ట్ ఫిల్ములు తీసి, 2016లో 'పెళ్ళిచూపులు'తో పేరు తెచ్చుకున్నారు. మంచిదే. కానీ దీంతో ఒక పొరపాటు అభిప్రాయం స్థిరపడింది. షార్ట్ ఫిల్మ్ అంటే నిర్మాత చేతిలో పెట్టే విజిటింగ్ కార్డు అని, పెద్ద సినిమా చాన్సు వచ్చాక దాని పని అయిపోయిందని. పెద్ద సినిమాగా సాగదీస్తే చచ్చిపోయే కథలు కొన్ని ఉంటాయి. ఫెస్టివల్‌లో చూడాల్సింది వాటిని.

ఫోన్‌లో యూట్యూబ్ చూడడంలో ఇంకో ఇబ్బంది కూడా ఉంది. మీరొక కామెడీ చూస్తే అది మరో పది కామెడీలు తెచ్చి ముందు పెడుతుంది. మీకు నచ్చినదాన్నే మళ్ళీ మళ్ళీ వడ్డిస్తుంది. ఫెస్టివల్‌లో వరుస కూర్చే మనిషి చేసేది దీనికి పూర్తిగా తలకిందులు. మీరు అడగనిదాన్ని, మీరు అడిగినదాని పక్కన పెడతాడు.

వరుసలో ఉంది కిటుకు

కర్ణాటక సంగీత కచేరీకి వెళ్ళేవాళ్ళకు ఈ సంగతి చెప్పనక్కర్లేదు. వర్ణంతో గొంతు సవరించుకుని, చిన్న కృతులు రెండు మూడు పాడి, ప్రధాన కృతిని నడిమధ్యన నిలిపి, తని ఆవర్తనం అయ్యాక తేలికైనవాటితో ముగిస్తారు. అవే పాటలను తిరగేసి పాడితే కచేరీ తేలిపోతుంది. చిన్న సినిమాల పూటకూ ఇలాంటి కట్టడి ఉంది. మొదటిది అన్నిటికన్నా గొప్పది కానక్కర్లేదు. ఆలస్యంగా వచ్చినవాళ్ళు కూడా అందుకోగలిగింది కావాలి. బరువైనదాన్ని ఆఖరున పెట్టకూడదు. ఒకే సంగతి చెప్పే రెండింటిని పక్కపక్కన పెట్టకూడదు. దూరంగా పెడితే రెండోది వచ్చినప్పుడు మొదటిది గుర్తొస్తుంది. ఆ గుర్తు రావడంలో ఉంది మజా.

మాట వరసకు తిరువళ్ళూరు జిల్లాలోని మన పొన్నేరిలో ఒక ఆదివారం సాయంత్రం ఆరు సినిమాలు వెయ్యాలనుకుందాం.

మొదటిది సత్యజిత్ రాయ్ 1964లో తీసిన 'టూ'. పావుగంట లోపే అయిపోతుంది, ఒక్క మాట ఉండదు. మేడలో కూల్‌డ్రింక్ సీసాతో, గది నిండా ఆటబొమ్మలతో ఒక పిల్లవాడు. కిటికీ అవతల గుడిసె దగ్గర పిల్లనగ్రోవి ఊదుకునే ఇంకో పిల్లవాడు. వీడి పిల్లనగ్రోవికి వాడు బొమ్మ ట్రంపెట్‌తో జవాబిస్తాడు. వీడు గాలిపటం ఎగరేస్తే వాడు తుపాకీతో కొట్టి చించేస్తాడు. పిల్లల పోటీ అని నవ్వుకుంటూ చూస్తుంటే, మధ్యలో ఎక్కడో నవ్వు ఆగిపోతుంది.

రెండోది బెర్ట్ హాన్‌స్ట్రా 1958లో తీసిన డచ్ డాక్యుమెంటరీ 'గ్లాస్'. పది పదకొండు నిమిషాలు. ఇందులోనూ చెప్పుకోదగ్గ మాటల్లేవు. గాజు ఊదే పనివాళ్ళ బుగ్గలు బూరెల్లా ఉబ్బుతుంటాయి. కరిగిన గాజు గొట్టం చివర తిరుగుతూ ఆకారం తెచ్చుకుంటుంది. వాళ్ళ ఊపిరికి జాజ్ సంగీతం తాళం వేస్తుంటుంది. అంతలో సీసాలు చేసే యంత్రం వస్తుంది. మెడ విరిగిన సీసా ఒకటి దారికి అడ్డం పడుతుంది. యంత్రానికి ఆ సంగతి తెలియదు. వెనక వచ్చేవన్నీ ఒకటొకటిగా కిందపడి పగులుతుంటాయి, మనిషి వచ్చి చెయ్యి పెట్టేదాకా. ఎవరూ ఉపన్యాసం ఇవ్వరు. యంత్రం మీద, మనిషి మీద చెప్పాల్సింది ఆ సీసాలే చెప్పేస్తాయి. పులికాట్‌లో డచ్చివారి సమాధులు చూసి పెరిగినవాళ్ళకు ఆ దేశం పనితనాన్ని ఇలా కూడా చూపించొచ్చు.

మూడోది బరువైనది. అరక్కోణం దగ్గర మంగట్టుచేరి అనే ఊళ్ళో అరుంధతీయుల ఆడపిల్లలను దేవతకు వదిలే ఆచారం మీద లీనా మణిమేకలై 2000ల మొదట్లో తీసిన 'మాతమ్మ'. ఇరవై నిమిషాలు. అరుంధతీయుల్లో తెలుగు మాట్లాడేవాళ్ళు చాలామంది. ఈ ఆచారం గురించి 2017లో జాతీయ మానవ హక్కుల కమిషన్ తమిళనాడు, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వాలకు నోటీసులిచ్చింది. అందులో ప్రస్తావించిన జిల్లాలు తిరువళ్ళూరు, చిత్తూరు. అంటే మన గడపే. ఇది అయ్యాక వెంటనే మరో సినిమా వెయ్యకూడదు. దీపాలు వెలిగించి, మాట్లాడాలనుకున్నవాళ్ళను మాట్లాడనిచ్చి, టీ ఇవ్వాలి.

టీ తర్వాత చిదానంద ఎస్. నాయక్ కన్నడంలో తీసిన పదహారు నిమిషాల సినిమా. పుణె ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో విద్యార్థిగా తీసిన ఈ చిత్రానికి 2024 కాన్‌లో విద్యార్థి చిత్రాల విభాగంలో మొదటి బహుమతి వచ్చింది. ఒక ముసలావిడ ఊరి కోడిపుంజును ఎత్తుకుపోతుంది. కోడి కూయదు, ఊరికి తెల్లవారదు. మన అవ్వలు చెప్పే కథలకు దగ్గరి చుట్టం. ఇందాక నమ్మకం పేరుతో ఆడపిల్ల బతుకు ఎలా చీకటైందో చూసినవాళ్ళు, ఇక్కడ అదే నమ్మకం ఒక ముసలావిడ చేతికి ఊరంతటినీ ఆపే బలం ఇవ్వడం చూస్తారు. ఈ రెండూ పక్కపక్కన ఉంటేనే ఆ సంగతి తడుతుంది.

ఐదోది కెనడాలో నార్మన్ మెక్‌లారెన్ 1952లో తీసిన 'నైబర్స్'. ఎనిమిది నిమిషాలు. సరిహద్దు మీద పూసిన ఒక పువ్వు కోసం ఇద్దరు ఇరుగుపొరుగు వాళ్ళు కొట్టుకు చస్తారు. మనుషులనే బొమ్మల్లా నిలబెట్టి, ఒక్కో ఫ్రేమ్ చొప్పున తీయడంతో వాళ్ళు గడ్డి మీద కాళ్ళు కదపకుండా జారిపోతుంటారు. ఈ పొరుగువాళ్ళను చూసినప్పుడు మొదటి సినిమాలో కిటికీకి అటూ ఇటూ ఉన్న పిల్లలు గుర్తుకు రావాలి. వస్తారు. ఆఖరున 'ది ఎలిఫెంట్ విస్పరర్స్'. ఇంటికి వెళ్ళేవాళ్ళ మనసు కుదుటపడాలి కదా.

మొత్తం గంటా ముప్పావు. ఆరింటిలో మూడింటికి భాషే అక్కర్లేదు. తెలుగు, తమిళం రెండూ ఇంట్లో వినిపించే ఊరికి ఇది చిన్న వెసులుబాటు కాదు. మిగతావాటికి రెండు భాషల్లో సబ్‌టైటిల్స్ వేస్తే సరి. ఒక్కో భాషకు ఒక్కో వరుస చాలు, అంతకు మించితే కళ్ళు బొమ్మను వదిలేసి అక్షరాల వెంట పడతాయి.

తెర వెనక పనులు

ఇలా సినిమాలు వెయ్యడానికి కొంత తతంగం ఉంది. ఓటీటీకి చందా కట్టి ఇంట్లో చూడడం వేరు, హాల్లో నలుగురికీ చూపించడం వేరు. రెండోదానికి నిర్మాతల అనుమతి కావాలి. 1952 నాటి సినిమాటోగ్రాఫ్ చట్టం ప్రకారం బహిరంగంగా చూపే సినిమాకు సెన్సారు సర్టిఫికెట్ ఉండాలి. లేనివాటికి ఫెస్టివల్ నిర్వాహకులు ముందుగానే కేంద్ర సమాచార ప్రసార శాఖకు దరఖాస్తు చేసి మినహాయింపు తెచ్చుకోవాలి. ఇక ప్రొజెక్టర్ దగ్గర కూర్చునే మనిషి పని ఎవరి కంటా పడదు. 1952 నాటి సినిమా తెర చతురస్రానికి దగ్గరగా ఉంటుంది, 2024 నాటిది వెడల్పుగా ఉంటుంది. ఒకదాని శబ్దం గుసగుస, ఇంకోదానిది హోరు. ముందురోజే ఆరింటినీ వేసి చూసి, ఎక్కడ ఎంత పెంచాలో తగ్గించాలో కాగితం మీద రాసుకోకపోతే, ఎంత మంచి వరుసైనా రెండో సినిమాకే చెడుతుంది.

ఇదంతా పట్నానికే చెల్లుతుందని అనుకోనక్కర్లేదు. గుమ్మిడిపూండి లోకల్ ఎక్కి చెన్నై వెళ్ళి చూసి రావచ్చు, నిజమే. కానీ రాత్రి ఆఖరి బండి అందుకోవాలన్న తొందరలో చర్చ దగ్గర ఎవరూ ఉండరు. కల్యాణ మంటపమో, బడి హాలో, ఒక మంచి ప్రొజెక్టరో ఉంటే మన ఊళ్ళోనే వెయ్యొచ్చు. 1960 ఏప్రిల్ 1న ఆంధ్ర, మద్రాసు రాష్ట్రాల సరిహద్దులు మారినప్పుడు తిరుత్తణి ఇటు వచ్చింది, పొన్నేరి తాలూకా ఊళ్ళు కొన్ని అటు పోయాయి. అప్పటి నుంచి రెండు రాష్ట్రాల పెద్ద సినిమాలు మనకు వస్తున్నాయే గాని, మన ఊళ్ళు వాటిలోకి వెళ్ళింది తక్కువ. పులికాట్ పడవలు, ఆరణి ఏటి ఒడ్డు, ఒకే వాక్యంలో రెండు భాషలు మాట్లాడే మన అవ్వలు పది నిమిషాల సినిమాకు సరిపోతారు. రెండో ఏడాది పూటలో ఆరింటిలో ఒకటి ఇక్కడి పిల్లలు ఫోన్‌తో తీసిందే ఉండాలని షరతు పెట్టుకోవచ్చు.

చూసేవాళ్ళకు ఒక్క మాట. ఆరింటిలో ఆరూ నచ్చితే వరుస కూర్చినవాళ్ళు మరీ జాగ్రత్తపడ్డారని అర్థం. ఒకటి రెండు మింగుడుపడకపోవాలి. నచ్చని పెద్ద సినిమాకు రెండున్నర గంటలు, టికెట్ డబ్బు, పార్కింగ్ డబ్బు పోతాయి. ఇక్కడ పోయేది ఎనిమిది నిమిషాలే, ఆ తర్వాత ఇంకోటి మొదలవుతుంది.