అడవిదారి గుర్తుల శాస్త్రం

అడవులు, కొండలు, పొలాల గుండా రోజుల తరబడి నడిచే పాదచారుల కోసం పాత కాలిబాటలను, బండిదారులను, అటవీ మార్గాలను ఏరి, ఒకదానితో ఒకటి కలిపి, మొదటి నుంచి చివరి దాకా ఒకే రకం గుర్తులు పెట్టిన మార్గాన్ని సుదూర నడకబాట అంటారు. అలాంటి బాటలు ఒకదానినొకటి కలుస్తూ, విడిపోతూ దేశమంతటా అల్లుకున్నప్పుడు ఏర్పడేది బాటల అల్లిక. ఇందులో నేల మీద కొత్తగా నిర్మించేది చాలా తక్కువ. చెట్టు మీదో, బండ మీదో వేసిన అరచేయంత రంగు గుర్తే చెల్లాచెదురుగా ఉన్న దారులను ఒక్క బాటగా నిలబెడుతుంది. ఆ గుర్తు ఏ రంగులో ఉండాలి, ఎక్కడ ఉండాలి, ఎంతకాలం నిలవాలి అనే ప్రశ్నలకు వివిధ దేశాలు వెతుక్కున్న సమాధానాల్లో దృష్టి శాస్త్రం, వృక్ష శాస్త్రం, చట్టం, స్వచ్ఛంద సేవ కలగలిసి కనిపిస్తాయి.

ఈ విద్యలో అగ్రస్థానాన నిలిచే దేశాల్లో చెక్ దేశం ఒకటి. ఆ ప్రాంతం ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యంలో భాగంగా ఉన్న 1888లో చెక్ పర్యాటకుల సంఘం ఏర్పడింది. దానికి వోయ్టా నాప్ర్‌స్టెక్ మొదటి అధ్యక్షుడు. మరుసటి ఏడాదే, 1889లో, ప్రాగ్ నగరానికి దక్షిణాన వల్టావా నదీ లోయలో స్టెఖోవిట్సె అనే ఊరి నుంచి సెయింట్ జాన్ పేరుతో పిలిచే నదీ ఝరుల దాకా ఆ సంఘం తన తొలి బాటకు గుర్తులు పెట్టింది. తర్వాతి కాలంలో కట్టిన ఆనకట్ట జలాశయంలో ఆ ఝరులు మునిగిపోయాయి గాని, అక్కడ మొదలైన పద్ధతి మాత్రం దేశమంతా వ్యాపించింది. తెలంగాణ కంటే చిన్నదైన, సుమారు 79,000 చదరపు కిలోమీటర్ల విస్తీర్ణం గల ఆ దేశంలో నేడు 40,000 కిలోమీటర్లకు పైగా గుర్తుపెట్టిన నడకబాటలు ఉన్నాయి. అంటే సగటున ప్రతి చదరపు కిలోమీటరుకు అర కిలోమీటరు బాట ఉన్నదన్నమాట.

చెక్ గుర్తు 10 సెంటీమీటర్ల చదరం. అందులో మూడు అడ్డపట్టీలు ఉంటాయి. పైదీ కిందిదీ తెలుపు, నడిమిది ఎరుపు, నీలం, ఆకుపచ్చ, పసుపు రంగుల్లో ఏదో ఒకటి. ఎరుపు సుదూర మార్గాలకు, పర్వత శిఖరాల వరుస వెంట సాగే బాటలకు, నీలం ప్రాంతీయంగా ముఖ్యమైన బాటలకు, ఆకుపచ్చ స్థానిక బాటలకు, పసుపు రెండు బాటలను కలిపే పొట్టి దారులకు వాడతారు. ప్రధాన బాట నుంచి పక్కకు తిరిగే చిన్న దారి శిఖరానికి వెళ్తుంటే త్రిభుజాకారపు గుర్తును, శిథిలమైన కోటకు వెళ్తుంటే గోడ మూలను తలపించే గుర్తును వేస్తారు. ఇంచుమించు ఇదే మూడు పట్టీల పద్ధతి పొరుగున ఉన్న స్లొవేకియా, పోలండ్ దేశాల్లోనూ అమల్లో ఉంది.

అయితే రంగుకు సర్వత్రా చెల్లే అర్థం లేదు. చెక్ దేశంలో రంగు బాట స్థాయిని చెబుతుంది, కష్టాన్ని చెప్పదు. స్విట్జర్లాండ్‌లో ఇందుకు భిన్నంగా రంగు కష్టాన్నే చెబుతుంది: పసుపు సాధారణ నడకబాటకు, తెలుపు-ఎరుపు-తెలుపు పట్టీలు జారుడు, లోయ అంచు వంటి ప్రమాదాలు ఎదురయ్యే కొండబాటకు, తెలుపు-నీలం-తెలుపు పట్టీలు హిమానీనదాలను, నిట్టనిలువు రాతిని దాటవలసిన ఆల్ప్స్ బాటకు గుర్తులు. ఫ్రాన్స్‌లో 1947లో మొదలైన సుదూర బాటల వ్యవస్థలో పైన తెలుపు, కింద ఎరుపు పట్టీలు మహా మార్గాన్ని, పసుపు-ఎరుపు పట్టీలు ఒక ప్రాంతాన్ని చుట్టివచ్చే మార్గాన్ని, ఒక్క పసుపు పట్టీ చిన్న నడకను సూచిస్తాయి. అవే పట్టీలను ఇంటూ ఆకారంలో గీస్తే అటు వెళ్లకూడదని అర్థం. అమెరికాలో బెంటన్ మెకై 1921లో ప్రతిపాదించగా 1937 నాటికి పూర్తయిన అపలాచియన్ బాట, 14 రాష్ట్రాల గుండా దాదాపు 3,500 కిలోమీటర్లు సాగుతూ కూడా, 5 సెంటీమీటర్ల వెడల్పు, 15 సెంటీమీటర్ల ఎత్తు గల తెల్లని నిలువు గుర్తు ఒక్కదానితోనే నడిపిస్తుంది. నీళ్ల దగ్గరికో, బస పాకల దగ్గరికో చీలే పక్కదారులకు నీలం గుర్తు ఉంటుంది, ఒకదానిపై ఒకటిగా రెండు తెల్ల గుర్తులు కనిపిస్తే ముందు మలుపు ఉందని గ్రహించాలి. కాబట్టి ఒక దేశపు గుర్తును మరో దేశపు అర్థంతో చదవడం ప్రమాదకరం.

ఎరుపు పట్టీకి ఇరువైపులా తెలుపు ఉండటం వల్ల కలిగే మేలును దృష్టి శాస్త్రం వివరిస్తుంది. కంటి రెటీనాలో పగటి వెలుగులో రంగులను గుర్తించే శంకు కణాలు, మసక వెలుతురులో పనిచేసే దండ కణాలు అని రెండు రకాలు ఉంటాయి. దండ కణాలు నీలం-ఆకుపచ్చ కాంతికి బాగా స్పందిస్తాయి గాని ఎర్ర కాంతిని దాదాపుగా గ్రహించలేవు. అందువల్ల పగలు ఆకుల మధ్య కొట్టొచ్చినట్లు కనిపించే ఎరుపు, పొద్దుగూకేసరికి నలుపులో కలిసిపోతుంది. ఈ మార్పును 19వ శతాబ్ది తొలి దశాబ్దాల్లో గమనించి వర్ణించిన యాన్ పుర్కిన్యె కూడా చెక్ శాస్త్రజ్ఞుడే కావడం విశేషం. ఆయన పేరు మీదుగానే దీనిని పుర్కింజె ప్రభావం అంటారు. అన్ని రంగుల కాంతినీ వెదజల్లే తెలుపు మాత్రం మసకలోనూ మిగతావాటి కంటే ప్రకాశవంతంగా ఉంటుంది కనుక, చీకటి పడుతున్న అడవిలో నడిమి రంగు తెలియకపోయినా రెండు తెల్ల పట్టీలు కనిపించి బాట అక్కడే ఉందని చెబుతాయి. ఐరోపా సంతతి పురుషుల్లో సుమారు 8 శాతం మందికి ఎరుపు, ఆకుపచ్చల మధ్య తేడా సరిగా తెలియదు. వారిని దృష్టిలో ఉంచుకుంటే గుర్తు రంగుతో పాటు ఆకారం, అమరిక, కూడలిలోని రాత కూడా స్పష్టంగా ఉండటం అవసరం.

గుర్తు ఎంత స్పష్టంగా ఉన్నా తగిన చోట లేకపోతే నిష్ఫలం. తిన్నగా సాగే దారిలో పాదచారికి సందేహం రాదు. సందేహమంతా దారి చీలే చోటనే వస్తుంది. అందువల్ల చీలికకు ముందు హెచ్చరించే గుర్తు ఒకటి, చీలిక వద్ద దిక్కు చూపే బాణం ఒకటి, సరైన దారిలోకి మళ్లిన కొద్ది అడుగులకే ఆ నిర్ణయాన్ని ధ్రువపరిచే గుర్తు ఒకటి ఉండటం మంచి పద్ధతి. ఎదురు దిశ నుంచి వచ్చేవారికి వెనుకవైపు గుర్తులు కనిపించవు కనుక ఒకే బాటను రెండు దిశల్లోనూ నడిచి, రెండు విడి బాటలుగా భావించి గుర్తులు పెట్టాలి. మితిమీరిన గుర్తులు అడవి అందాన్ని చెరుపుతాయి, చాలీచాలని గుర్తులు మనిషిని దారి తప్పిస్తాయి; ఈ రెంటి మధ్య సమతూకం సాధించడమే గుర్తులు వేసేవారి నేర్పు.

అడవిలో గుర్తులకు సహజమైన పలక చెట్టు. పూర్వం గొడ్డలితో బెరడు చెక్కి దారి గుర్తు చేసేవారు. ఆ గాయం బెరడు కింద ఉండి, చెట్టు లావెక్కేలా కొత్త కణాలను పుట్టించే కేంబియం అనే పలుచని పొరను దెబ్బతీసి, శిలీంధ్రాలకు దారి ఇచ్చేది. నేడు బెరడు పైపొరలోని గరుకును మాత్రమే సున్నితంగా గీకి రంగు వేస్తారు. చెట్టు పొడవు కొమ్మల చివళ్ల వద్దే పెరుగుతుంది కనుక కంటి ఎత్తులో వేసిన గుర్తు ఎన్నేళ్లయినా అదే ఎత్తులో ఉంటుంది. కాని కాండం చుట్టుకొలత పెరిగే కొద్దీ గుర్తు అడ్డంగా సాగి, పగుళ్లు విచ్చి, చివరికి రాలిపోతుంది. చెట్లు మొలవని ఎత్తుల్లో రాళ్లే ఆధారం. 1868లో స్థాపితమైన నార్వే పర్యాటకుల సంఘం బండల మీద, పేర్చిన రాళ్ల గుట్టల మీద ఎర్రని ఆంగ్ల టీ అక్షరాన్ని వేస్తుంది. మంచు పొగ కమ్మినప్పుడు ఒక గుట్ట నుంచి మరో గుట్ట కనిపించడమే నడిచేవారి ప్రాణాలను కాపాడుతుంది కనుక, సరదాకు తోచిన చోట రాళ్లు పేర్చడం పరుల ప్రాణాలతో ఆడుకోవడమే.

దిక్కుతో పాటు కాలాన్ని కూడా చెప్పడం కూడలి స్తంభాల పని. కొండల్లో దూరం ఒక్కటే చెబితే చాలదు. స్కాట్లండ్‌కు చెందిన విలియం నెయిస్మిత్ 1892లో చెప్పిన సూత్రం ప్రకారం ప్రతి మూడు మైళ్లకు ఒక గంట, పైకెక్కే ప్రతి 2,000 అడుగులకు మరో గంట పడుతుంది. ఆ లెక్కన ఆరు మైళ్ల బాటలో 2,000 అడుగులు ఎక్కవలసి ఉంటే రెండు గంటలకు బదులు మూడు గంటలు కావాలి. స్విస్ స్తంభాల మీద సమతల నేలపై గంటకు 4.2 కిలోమీటర్ల నడకను ఆధారంగా తీసుకుని, ఎత్తుపల్లాలను కలిపి లెక్కించిన నడక సమయాన్ని రాస్తారు. విశ్రాంతి సమయం అందులో ఉండదు.

ఇంతటి ఏర్పాటును కాపాడేది నిరంతర సంరక్షణ. ఎండ రంగును వెలిసిపోయేలా చేస్తుంది, గాలివాన చెట్టును కూలుస్తుంది, అటవీ శాఖ గుర్తున్న మానునే నరకవచ్చు. చెక్ సంఘంలో శిక్షణ పొందిన వెయ్యికి పైగా స్వచ్ఛంద కార్యకర్తలు ఏటా మూడో వంతు బాటలను నడిచి గుర్తులను సరిచేస్తారు కనుక ప్రతి బాటకూ మూడేళ్లకొకసారి కొత్త రంగు పడుతుంది. అపలాచియన్ బాటను కూడా ప్రాంతాలవారీగా స్వచ్ఛంద సంఘాలే పంచుకుని చూసుకుంటాయి. స్విట్జర్లాండ్ మరో అడుగు ముందుకు వేసింది: 1979లో ప్రజల ఓటుతో నడకబాటలను రాజ్యాంగంలో చేర్చింది, 1987లో అమల్లోకి వచ్చిన చట్టం ద్వారా, ఒక బాట మూతపడినా దాని మీద తారు పరిచినా బదులు బాట చూపవలసిన బాధ్యతను నిర్దేశించింది. దాదాపు 65,000 కిలోమీటర్ల స్విస్ బాటలకు ఆ చట్టమే అండ.

చేతి ఫోన్‌లోని పటం ఈ గుర్తులకు తోడ్పడగలదు, బదులు కాలేదు. ఇరుకు లోయలో ఉపగ్రహ సంకేతం దారి తప్పుతుంది, గడ్డకట్టే చలిలో బ్యాటరీ త్వరగా ఉడుగుతుంది, నిన్న కొట్టుకుపోయిన వంతెన సంగతి పటానికి తెలియదు, గుర్తు సరిచేయడానికి ఆ దారిన నడిచిన మనిషికి తెలుస్తుంది. నడకబాటలను ప్రారంభించాలనుకునే ఏ ప్రభుత్వమైనా, ఏ సంఘమైనా తొలి రంగు వేయకముందే మూడేళ్ల తర్వాత మలి రంగు వేసే మనుషులను, వారికి శిక్షణను, ఖర్చును సిద్ధం చేసుకోవాలి; ఆ ఏర్పాటు చేయలేని చోట గుర్తులు పెట్టకపోవడమే మేలు, ఎందుకంటే సగం చెరిగిన గుర్తును నమ్మి నడిచినవాడు అసలు గుర్తులే లేని అడవిలో నడిచినవాడి కంటే పెద్ద ప్రమాదంలో పడతాడు.