మీకు తెలుసా? తడినేలలోనే వాడిపోయే గడ్డి ఉంది!

బ్రెజిల్ వ్యవసాయ పరిశోధన సంస్థ ఎంబ్రాపా 1984లో మరండు అనే ఆఫ్రికా మూలపు పశుగ్రాసాన్ని విడుదల చేసింది. రసం పీల్చే పురుగును తట్టుకుంటుందని రైతులు దాన్ని లక్షల హెక్టార్లలో వేశారు. 1990ల నుంచి అమెజాన్ ప్రాంతంలోని ఆక్రే, పారా రాష్ట్రాల్లో ఆ గడ్డి మడులు మడులుగా చచ్చిపోసాగింది.

వాననీరు నిలిస్తే వేళ్లకు గాలి అందదు. అలా నీరసించిన వేళ్లమీద పిథియం, రైజాక్టోనియా, ఫ్యుజేరియం అనే తెగులు సూక్ష్మజీవులు దాడి చేస్తాయి.

నేల తడిగా ఉన్నా ఆకులు పసుపెక్కి వాలిపోతుంటే వెంటనే అనుమానించాలి. దుబ్బు పట్టి లాగితే తేలిగ్గా ఊడివస్తుంది. తెల్లగా, గట్టిగా ఉండాల్సిన వేళ్లు గోధుమరంగుకు తిరిగి మెత్తబడతాయి. పైతోలు జారి లోపలి సన్నని నార మాత్రం మిగులుతుంది.

వేళ్లమీద దాడిచేసే ఆ మూడు సూక్ష్మజీవుల్లో పిథియం అసలు శిలీంధ్రమే కాదు, నీటి బూజు జాతి! అందుకే చాలామంది వాడే శిలీంధ్రనాశిని కార్బెండజిమ్ దానిమీద పనిచేయదు. పైగా విశాలమైన పచ్చిక బయళ్లలో మందు చల్లడం గిట్టుబాటు కాదు.

కాబట్టి అక్కడి పరిశోధకులు గడ్డినే మార్చమన్నారు. పల్లపు నేలల్లో తడిని ఓర్చుకునే హ్యుమిడికోలా అనే గడ్డి వేసి, మరండును నీరు నిలవని మెరకలకు పరిమితం చేయాలి.