కొలత – కోత

దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ ప్రాంతాలలో బట్టల దుకాణాలకూ, దర్జీలకూ కొదువ లేదు. అయినా తన దుస్తులు తాను కుట్టుకోగలగడం ఒక విద్య. కాలరు, ముందువైపు గుండీలు, మోకాళ్ల వరకు పొడవు గల షర్టు డ్రెస్సును కుట్టడానికి కాగితపు నమూనా ఆధారం. 1863లో అమెరికాకు చెందిన దర్జీ ఎబనేజర్ బటరిక్ వేర్వేరు కొలతలలో ఇటువంటి నమూనాలను అమ్మకానికి తెచ్చాడు.

నమూనాను సగటు దేహానికి గీస్తారు. ధరించే మనిషికి కాదు. కనుక ఛాతీ, నడుము, భుజాల కొలతలతో దానిని సరిచూడాలి. నూలుబట్టను ముందే తడిపి ఆరబెట్టాలి. లేకుంటే కుట్టిన తరువాత కుదించుకుపోతుంది. నమూనాలోని బాణం గుర్తును పడుగు పోగుల వెంట అమర్చాలి. మొదట పాత దుప్పటిపై కత్తిరించి, వదులుగా కుట్టి, తొడిగి చూడాలి. తప్పు కుట్టును విప్పవచ్చు. తప్పు కోతను సరిదిద్దలేము. కూడబెట్టిన డబ్బుతో కొన్న బట్టకు కత్తెర కన్న ముందు టేపు తగలాలి.