అభ్యంగనం: విధి, నిషేధం

సంస్కృతంలో ‘స్నేహం’ అన్న మాటకు చెలిమితో పాటు నూనె, జిడ్డు అన్న అర్థం కూడా ఉంది. ఆయుర్వేదంలోని అభ్యంగనం ఈ రెండవ అర్థం నుండి పుట్టిన చికిత్స. వాగ్భటుడు అష్టాంగహృదయం సూత్రస్థానం రెండవ అధ్యాయంలో దినచర్యను వివరిస్తూ, ప్రతిదినం ఒంటికి నూనె పట్టించాలనీ, తల, చెవులు, పాదాల పట్ల విశేషశ్రద్ధ వహించాలనీ చెప్పాడు. అజీర్ణం ఉన్నవారికి, కఫం ప్రకోపించినవారికి, వమన విరేచనాలు అప్పుడే ముగిసినవారికి అది కూడదని ఆ వెంటనే నిషేధించాడు. విధి మనకు పండుగనాటి తలంటుగా మిగిలింది. నిషేధం మరపున పడింది.

కేరళ వైద్యశాలల్లో రోగిని ద్రోణి అనే కొయ్యబల్లపై పడుకోబెట్టి, ఇద్దరు చికిత్సకులు చెరొక వైపు నిలిచి ఒకే లయలో మర్దిస్తారు. నుదుటిపై నూనెను సన్నని ధారగా పోస్తే శిరోధార. గోరువెచ్చని నూనెలో ముంచిన గుడ్డను ఒంటిపై పిండుతూ మర్దిస్తే పిళిచ్చిల్. ఔషధతైలాల తయారీకి శాస్త్రం చెప్పిన సాధారణ కొలత: మూలికల ముద్ద 1 పాలు, నూనె 4 పాళ్ళు, కషాయం వంటి ద్రవం 16 పాళ్ళు. నీరంతా ఇగిరేవరకు సన్నని సెగపై కాచాలి.

ఇందులో ఆధునిక వైద్యం అంగీకరించేదెంత? నూనెపొర చర్మం నుండి తేమ ఆవిరి కాకుండా కొంత అడ్డుకొంటుంది. మర్దన కండరాల బిగువును సడలిస్తుంది. ఢాకాలోని ఒక ఆసుపత్రిలో నెలలు బాగా తక్కువగా పుట్టిన శిశువులకు పొద్దుతిరుగుడు నూనె రాయగా, ఆసుపత్రిలో సోకే ఇన్‌ఫెక్షన్లు 41 శాతం తగ్గినట్లు 2005లో ‘లాన్సెట్’ పత్రిక ప్రచురించింది. అయితే నూనె మర్దన ‘ఒంట్లోని విషాలను’ వెలికి లాగుతుందనడానికి ఆధారం లేదు. ఆ పని కాలేయం, మూత్రపిండాలు చేస్తాయి.

ఇంట్లో చేసుకొనే పద్ధతి సులభం. నువ్వులనూనె గిన్నెను వేడినీళ్ళలో ఉంచి గోరువెచ్చన చేయాలి. విదేశీ దుకాణాల్లో దొరికే, వేయించిన నువ్వుల ముదురురంగు నూనె వంటకే తగును. చేతులు, కాళ్ళపై నిలువుగా, కీళ్ళపై గుండ్రంగా రాస్తూ పది పదిహేను నిమిషాలు మర్దించి, సున్నిపిండితో నలుగు పెట్టుకొని స్నానం చేస్తే చాలు.

మంచి వైద్యశాలలో నూనె గిన్నె కన్నా ముందు రోగి పరీక్ష ఉంటుంది. ఇంట్లో ఆ పరీక్ష మనమే చేసుకోవాలి. సుదీర్ఘ విమానప్రయాణం తరువాత ఒక పిక్క మాత్రమే వాచి నొప్పిపెడుతుంటే అక్కడ మర్దన కూడదు. లోపలి సిరలో రక్తం గడ్డకట్టి ఉంటే, అది కదిలి ఊపిరితిత్తులకు చేరి ప్రాణాపాయం కలిగించవచ్చు. వెంటనే వైద్యుణ్ణి చూడాలి. జ్వరం, పుండ్లు, నువ్వుల అలర్జీ ఉన్నవారు మానుకోవాలి. అమెరికాలో 2023 నుండి నువ్వులు ప్రధాన అలర్జీ కారకాల జాబితాలో ఉన్నాయి. చంటిపిల్లల ముక్కులో నూనె చుక్కలు వేస్తే అవి ఊపిరితిత్తుల్లోకి చేరి న్యుమోనియాకు దారితీయవచ్చు. ఆ అలవాటును పూర్తిగా వదిలిపెట్టాలి. స్నానాల గదిలో నూనె కాళ్ళు జారతాయి కనుక పెద్దలు పీటపై కూర్చోవాలి.

మన పూర్వులకు అవసరం లేని జాగ్రత్త ఒకటి నేడు కొత్తగా చేరింది. నూనె తుడిచిన తువ్వాళ్ళను డ్రయ్యరులో వేసి, వేడిగా ఉండగానే కుప్పగా వదిలితే వాటంతట అవే అంటుకోగలవు. వాటిని డ్రయ్యరులో వేయకుండా, విడివిడిగా గాలికి ఆరవేయడమే క్షేమం.